కడీలు దించిన రోజు

మార్కెట్‌కు ఎవరు ఏ సరుకు తెచ్చారో చూస్తే, వాళ్ళ కాళ్ళ కింది నేల ఎంత గట్టిదో చెప్పేయవచ్చు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర తెచ్చేవాడు చాలావరకు కౌలుదారు. విత్తిన నెలకల్లా చేతికొస్తుంది, పొలం వదిలి పొమ్మన్నా పెద్దగా పోయేదేమీ ఉండదు. వంకాయ తెచ్చేవాడికి ఆ ఏడాదికైనా భరోసా ఉంది. దొండ, కాకర పందిరి మీద కాయించేవాడికి పట్టా ఉంటుంది. నేల సారం ఒక లెక్క, నేల మీద ధైర్యం ఇంకో లెక్క. పంటను ఎంచుకునేది రెండో లెక్క చూసుకునే.

పటాన్‌చెరు మార్కెట్లో నాది కూరగాయల కమీషన్ దుకాణం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చాడు. ఆయనకు యంత్రాలు అచ్చొచ్చాయి, నాకు తరాజు అచ్చొచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగాను కాబట్టి రైతులతో వాళ్ళలాగే మాట్లాడతాను. ఇంటికెళ్తే మా వాళ్ళలా మాట్లాడతాను.

జిన్నారం వైపు నుంచి నా దుకాణానికి ఆకుకూర తెచ్చేవాళ్ళలో కౌసల్యమ్మ, ఆమె భర్త అంజయ్య పాతవాళ్ళు. వాళ్ళ సొంత మెట్ట చెలక ఎప్పుడో ఫ్యాక్టరీల కింద పోయింది. అంజయ్య కొన్నాళ్ళు ఒక మందుల కంపెనీ గేటు దగ్గర కాపలా చేశాడు. కాంట్రాక్టు మారింది, కాపలా మనిషీ మారాడు. అప్పటి నుంచి ఇద్దరూ వీర్రాజు గారి రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు. వీర్రాజు గారు మా నాన్నతో కలిసి పనిచేసిన మనిషి, నాకు బాబాయ్ వరస. రిటైరై పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్నారు.

ఆకుకూరలో కౌసల్యమ్మ పడే చాకిరీ ఎక్కువ, మిగిలేది తక్కువ. దొండ పెట్టమని రెండేళ్ళు చెవినిల్లు కట్టుకుని చెప్పాను. కంపెనీల క్యాంటీన్లకు దొండకాయ రోజూ కావాలి, తొందరగా వాడదు, ఒకసారి నాటితే మూడు నాలుగేళ్ళు కాస్తుంది.

"నాలుగేండ్లు అది కాయాలంటే నాలుగేండ్లు నేను ఆడ ఉండాలె గద సేటూ" అనేది ఆమె.

అప్పుడొక రాళ్ళవాన పడింది. ఆకుకూర మొత్తం నేలకు అంటుకుపోయింది. ప్రభుత్వం ఇచ్చిన నష్టపరిహారం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకే కదా, వీర్రాజు గారి ఖాతాలో పడింది. ఆ వారమే కౌసల్యమ్మ దుకాణానికి వచ్చి, "ఆకుకూర పెట్టినా పోయింది. దొండ పెట్టినా పోతే పోతది. పోయేదేదో పెద్దదే పోనీ, తీగలు తెప్పియ్యి" అంది. వెదురు వాళ్ళు తెచ్చుకున్నారు, నాటే తీగలు, పందిరి వైరు నేను తెప్పించాను. పందిరి లేచింది. కాపు మొదలైంది. రోజు విడిచి రోజు అంజయ్య దొండకాయ గంపలు దించడం, నేను క్యాంటీన్లకు పంపడం బాగా అలవాటైపోయింది.

ఉగాది వెళ్ళాక కొన్నాళ్ళకు, కాయ రావాల్సిన ఒక ఉదయం, అంజయ్య ఆటో ట్రాలీ నుంచి తీగల కట్టలు దించాడు.

"ఏందన్నా ఇది?"

"దొండ తీగ. నాటుకోనీకి కొంటరు గద. మంచి ముదురు తీగ సూసే కోసినం."

"కాయలేవి?"

"కాయలుంటే తీగ ఎందుకు కోస్తం సేటూ?" అని అంజయ్య కట్టల మీదే కూలబడ్డాడు. "కడీలు దించిండ్రు" అన్నాడు.

కడీ అంటే మనిషెత్తు రాతి స్తంభం. ఈ చుట్టుపక్కల కంచెలన్నీ వాటి మీదే నిలబడతాయి. పొలం దగ్గర రాళ్ళు దిగాయంటే కౌలుదారుకు అర్థమయ్యేది ఒకటే. పొలం అమ్ముడుపోయింది, ప్లాట్లు పడబోతున్నాయి, చేతికందింది ఏరుకుని బయటపడాలి. కాయ అయితే రోజు విడిచి రోజు కొంత వస్తుంది. ఒక్కసారే మొత్తం సొమ్ము చేసుకోవాలంటే తీగే కోసి అమ్మాలి. అంజయ్యా వాళ్ళూ అదే చేశారు.

"ఎవరు దించిండ్రు?"

"లారీవాళ్ళు. గట్టు పొంటి పడేసి పోయిండ్రు. అడిగితే వీర్రాజు సారు పంపిండన్నరు."

"మరి సారునే ఒక మాట అడగకపోయినవా?"

అంజయ్య నన్ను జాలిగా చూశాడు. "అడిగితే చెప్తడు."

"చెప్తే మంచిదే గద."

"చెప్పినంక ఇగ ఏముంటది? ఆయన చెప్పనంతసేపు మనం పొలంల ఉన్నట్టే."

నేను కొట్టిపారేసే మాట కాదది. బాకీ ఉన్నవాడు కనిపించినా అడగకుండా వదిలేసిన సందర్భాలు నాకూ ఉన్నాయి. లేదనేస్తే ఆ బాకీ అక్కడితో చస్తుందని భయం.

"ఒక్క రాళ్ళే అయితే ఆగుదుము సేటూ. గంప గూడ రాలె" అన్నాడు అంజయ్య.

"ఏ గంప?"

అప్పుడు చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఆ రెండెకరాలకు కాగితం లేదు, గడువు లేదు. ఏటా ఉగాదికి కౌసల్యమ్మ ఒక గంపెడు కూరగాయలు పటేల్‌గూడకు పంపుతుంది. వీర్రాజు గారి భార్య నాగేశ్వరి పిన్ని కూరలు తీసుకుని, ఆ గంపలో ఇంత బెల్లం, ఇంత కందిపప్పు వేసి వెనక్కి పంపుతుంది. గంప తిరిగొచ్చిందంటే ఆ ఏడాది పొలం తమదే అని వీళ్ళ నమ్మకం. ఎవరూ ఎవరితోనూ ఆ మాట పైకి అనలేదు. ఈ ఉగాదికి పోయిన గంప ఇంకా రాలేదు.

"కౌసల్యక్క ఏది?"

"ఆడనే. కోస్తాంది. సగం అయింది."

ఇంకో సగం మిగిలి ఉంది. ముందు దాన్ని కాపాడుకోవాలి, తర్వాతే మిగతా మాటలు. వీర్రాజు గారికి ఫోన్ చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. దుకాణం గుమాస్తా యాదన్నకు అప్పగించి, అంజయ్యను బండి వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. దారిలో ముందు పోతున్న కెమికల్ ట్యాంకర్ కంపు మొహానికి కొడితే అంజయ్య తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకుని, "జెర జల్దీ పో సేటూ, ఆమె చెయ్యి ఆగది" అన్నాడు.

ఆగలేదు. పందిట్లో ఒక పక్క ఆకు కమ్ముకుని చీకటిగా ఉంది, ఇంకో పక్క వెదుర్లు తేలిపోయి ఆకాశం కనబడుతోంది. కౌసల్యమ్మ కొంగు నడుముకు దోపి, కొడవలితో తీగ లాగి కోస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపకుండానే మొదలుపెట్టింది.

"రా సేటూ రా. దొండ పెట్టు దొండ పెట్టు అని పానం తీస్తివి. పెట్టిన. సూసినవా ఎంత మంచిగ కాసిందో?"

"కొడవలి జెర పక్కకు పెట్టక్కా. ఎవరేమన్నరని కోస్తున్నవు?"

"అనేదాక ఆగాల్నా? వెలిమెల కాడ మా చెల్లె జ్యోతి గట్లనే ఆగింది. 'పంట తీసుకున్నంకనే చదును చేస్తం' అని మంచిగనే చెప్పిండ్రు. కాసిన టమాట మీదికెళ్ళి జేసీబీ పోనిచ్చిండ్రు. చెలకంత ఎర్రగ పచ్చడి అయింది. కోసుకున్న తీగ అయితే నాది. పందిరి మీదున్న తీగ ఎవరిదో ఎవరికెరుక?"

నేను గట్టు వెంట పోయి రాళ్ళు చూశాను. వెంచర్ వాళ్ళు పాతే రాళ్ళు పొట్టిగా ఉంటాయి, సున్నం పూసి నంబర్లు రాస్తారు. ఇవి పొడుగు కడీలు. ముళ్ళ తీగ దూర్చడానికి బెజ్జాలు కొట్టి ఉన్నాయి. ప్రాణం కొంచెం కుదుటపడింది. వచ్చి చెప్పాను.

"ఇవి ప్లాట్ల రాళ్ళు కావక్కా. కంచె రాళ్ళు."

"కంచె ఎవర్ని ఆపనీకి?" అంది కౌసల్యమ్మ. "లోపల ఉన్నది మేమే గద. కంచె అయినంక గేటు పెడ్తరు, గేటుకు తాళం పెడ్తరు, తాళంచెవి పటేల్‌గూడల ఉంటది."

నేను బేరానికి దిగాను.

"పొద్దుగూకే దాక కోత ఆపు. నేను పోయి సారును కలుస్త. పొద్దుగూకే వరకు నేను రాకపోతే నీ ఇష్టం."

"నువ్వూ ఆయన ఒక్క జిల్లావాళ్ళు. నువ్వు ఆయన మనిషివి."

"నేను సరుకు మనిషిని. నువ్వు లేచిపోతే రేపు నా క్యాంటీన్లకు దొండకాయ ఎవరిస్తరు? నీ మీద ప్రేమతోని రాలె, నా నష్టం సూసుకునే వచ్చిన."

కౌసల్యమ్మ అప్పుడు చెయ్యి ఆపింది. "గిది నిజం మాట" అని కొడవలి గట్టు మీద పెట్టింది. "పొద్దుగూకే దాకనే. మళ్ళ బతిమిలాడొద్దు."

పటేల్‌గూడలో వీర్రాజు గారు వరండాలోనే ఉన్నారు. చొక్కా గుండీలు కింద మీద పెట్టుకుని, అటూ ఇటూ తిరుగుతున్నారు.

"నీకే ఫోన్ చేద్దామనుకుంటున్నానురా మహేంద్రా. ఛార్జింగులో పెట్టి మర్చిపోయాను. నీకు కంచె వేసే కూలీలు ఎవరైనా తెలుసా? కడీలు దింపించాను, పాతేవాడు దొరకట్లేదు."

"కంచె ఎందుకు బాబాయ్?"

"ఎందుకేంట్రా! పక్క పొలం వెంచర్ వాడు రోడ్డు వేసుకుంటూ వేసుకుంటూ మన గట్టు మీదికొచ్చేశాడు. ఇంకో వర్షాకాలం ఊరుకుంటే రోడ్డు మన పొలంలో ఉంటుంది, మనం రోడ్డు మీద ఉంటాం. నా రిటైర్మెంట్ డబ్బంతా ఆ మట్టిలోనే ఉంది."

"మరి కౌసల్యమ్మతో ఒక మాట చెప్పకపోయారా?"

ఆయన గొంతు తగ్గించారు. "ఎలా చెప్తాను? పొలానికి తగాదా ఉందంటే బెదిరి మానేస్తారేమో. లేదంటే ఆ వెంచర్ వాడే వాళ్ళ చేతిలో ఎంతో కొంత పెట్టి లేవగొడితే? ఖాళీ పొలం కనబడితే చాలు, తెల్లారేసరికి రేకుల షెడ్డు వేసేస్తారిక్కడ. వాళ్ళు ఉన్నారన్న ధైర్యంతోనే నేను నిద్రపోతున్నాను."

"వాళ్ళు నిన్నటి నుంచి దొండ తీగ కోసేస్తున్నారు. లేచిపోవడానికి."

వీర్రాజు గారు కుర్చీలో కూలబడ్డారు. "అంత పని చేశాడా ఆ వెంచర్ వాడు?"

"వాడు కాదు బాబాయ్. మీరే. రాళ్ళు దించితే పొలం అమ్మేశారనుకున్నారు. పైగా ఉగాది గంప వెనక్కి రాలేదట."

"గంపేంటి?" అంటూ లోపల్నుంచి నాగేశ్వరి పిన్ని వచ్చింది. నేను అంజయ్య చెప్పినదంతా చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో రాత! ఉగాదికి మేము ఇక్కడెక్కడున్నాం? మా అమ్మాయి కృష్ణప్రియ సీమంతానికి అమలాపురం వెళ్ళాం. ఎదురింటావిడ గంప తీసుకుందట. కూరలు వడిలిపోతాయని వండేసుకుంది, గంపలో బట్టల క్లిప్పులు పోసుకుంది. ఖాళీ గంప పంపకూడదని ఏటా ఇంత బెల్లం వేసేదాన్ని గానీ, అదే వాళ్ళకి రిజిస్ట్రేషన్ అని నాకేం తెలుసు!"

నాకు నవ్వొచ్చింది. యజమాని కౌలుదారు పోతాడేమోనని వణుకుతున్నాడు, కౌలుదారు యజమాని పొమ్మంటాడేమోనని వణుకుతున్నాడు. ఇద్దరికీ కావలసింది ఒకటే సరుకు, దాన్ని ఒకరికొకరు చూపించుకోరు. అలాంటి చోట మధ్యవర్తికి పని తేలిక.

"అయితే కాగితం రాసేద్దాం బాబాయ్" అన్నాను.

ఆయన రెండు చేతులూ ఊపేశారు. "అది మాత్రం అనకు. ఉండనీ, ఎన్నాళ్ళైనా ఉండనీ. కాగితం మాత్రం వద్దు. ఇన్నేళ్ళు దున్నినవాడికి కాగితం కూడా చేతికిస్తే పొలం నాదేనంటాడని మా వాళ్ళంతా చెప్పారు."

"ఇప్పుడు వెంచర్ వాడొచ్చి ఈ పొలం చేస్తున్నదెవరు, ఎవరి తరఫున అని అడిగితే ఏం చూపిస్తారు? గంప చూపిస్తారా?"

ఆయన చొక్కా గుండీలు విప్పి సరిగ్గా పెట్టుకోసాగారు.

"కౌలు కాగితంలో మొదటి మాటే 'వీర్రాజు గారి పొలం' అని ఉంటుంది. కింద అంజయ్య, కౌసల్యమ్మ సంతకాలు పెడతారు. పొలం మీదేనని ఇన్నేళ్ళుగా అందులో ఉన్నవాళ్ళే రాసిస్తున్నారు. అంతకన్నా గట్టి సాక్ష్యం మీకెవరిస్తారు? నోటిమాట మీద ఉంటేనే రేపు ఎవరైనా ఏదైనా అనొచ్చు."

"నాకు అర్థమైంది" అంది పిన్ని. "ఈయనకి అర్థం కావాలంటే ఇంకో కాఫీ పడాలి."

రెండో కాఫీ కూడా అయ్యాక ఆయన, "సరే, ఏడాదికి రాద్దాం" అన్నారు.

"దొండ నాలుగేళ్ళ పంట. ఏడాది కాగితమిస్తే ఆమె మళ్ళీ పాలకూరకే పోతుంది. పాలకూర మళ్ళలోకి రోడ్డు వేయడం సులువు. పందిట్లోకి వేయాలంటే ఎవడైనా ఆలోచిస్తాడు."

బాబాయ్ నా వంక చూసి, "మీ నాన్న ఇంత మాటకారి కాదురా" అన్నారు. చెప్పులు వేసుకోవడానికి లేచారు.

మేం ముగ్గురం పొలానికి చేరేసరికి పొద్దు వాలుతోంది. కౌసల్యమ్మ కడీల మీద కూర్చుని ఉంది. మాట ప్రకారం ఇంకో తీగ తెగలేదు. అంజయ్య మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, ఆమె లేవలేదు.

"ఏంటమ్మా, నాకొక్క మాటైనా చెప్పకుండా కోసేశావా?" అన్నారు వీర్రాజు గారు.

"నువ్వు చెప్పకుంట రాళ్ళు దించితివి, నేను చెప్పకుంట తీగ కోసిన. చెల్లుకు చెల్లు సారూ."

పిన్ని ఆమె పక్కనే రాళ్ళ మీద కూర్చుని గంప సంగతి చెప్పింది. బట్టల క్లిప్పుల దాకా వచ్చేసరికి అంజయ్య అటు తిరిగి నవ్వుకున్నాడు. కౌసల్యమ్మ మాత్రం నవ్వలేదు. "మరి ఈ కడీలు?" అంది.

బాబాయ్ వెంచర్ రోడ్డు సంగతి చెప్పారు. చెబుతూంటేనే ఆమె లేచి నిలబడింది.

"ఎర్ర అంగీ ఏసుకొని, బుల్లెట్ బండి మీద వస్తడు, ఆయననా? మొన్న ఈడికి వచ్చి 'ఇంకెన్ని దినాలుంటరమ్మా' అని అడిగిండు. ఆయన నీ మనిషే అనుకున్న సారూ. అందుకే ఇంకింత పరేషాన్ అయిన."

"నా మనిషా!" బాబాయ్ ఒక అడుగు ముందుకేశారు. "నువ్వేమన్నావు?"

"నువ్వెవడివి అడగనీకి అన్న."

బాబాయ్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. ఆ ఒక్క మాటతో ఆయన దిగులు సగం దిగిపోయిందని చూస్తేనే తెలిసింది. "నాలుగేళ్ళకు కాగితం రాసిస్తానమ్మా. కౌలు ఇప్పుడున్నదే. మధ్యలో అమ్మాల్సొచ్చినా నీ పంట అయ్యాకే అని రాస్తాను" అన్నారు, నేను అడగని మాట కూడా కలిపి.

నేనైతే అక్కడితో చేతులు కలిపేవాణ్ణి. కౌసల్యమ్మ కలపలేదు.

"ఇంకొకటున్నది. రాళ్ళవాన పడితే మునిగింది నా పంట, సర్కారు పైసలు పడ్డది నీ ఖాతల. అడగలె. అడిగితే పొలం పోతదని అడగలె. ఇప్పుడు అడుగుతున్న."

బాబాయ్ తడబడ్డారు. "అది... ఏవో పడ్డాయి గానీ, దేనికో నేను చూసుకోలేదమ్మా..."

"నేను చూశాను" అంది నాగేశ్వరి పిన్ని. "అవి ఈమెకిచ్చేయండి. ఇకమీద అలాంటివి వస్తే విత్తినవాళ్ళకే అని కాగితంలో రాయండి. మహేంద్రా, గుర్తుపెట్టుకో."

కౌసల్యమ్మ కొంగు నడుము నుంచి తీసి భుజం మీద వేసుకుంది. నాకు తెలిసి, ఆ రోజంతటిలో ఆమె స్థిమితపడింది అప్పుడే.

పందిట్లోకి నడిచాం. కోసేసిన పక్క మొదళ్ళు మోడుల్లా నిలబడి ఉన్నాయి. ఇవి చచ్చినట్టేనా అని అడిగాను.

"మొదలు ముట్టలె సేటూ. దొండ మొండిది. నీళ్ళిస్తే మళ్ళ కొత్త ఇగురేస్తది, పందిరెక్కుతది" అన్నాడు అంజయ్య.

"అయితే నష్టం లేనట్టే."

"ఏంది లేనట్టే?" కౌసల్యమ్మ అందుకుంది. "మళ్ళ పందిరి కమ్మేదాక సగం కాయనే వస్తది. నీకు నష్టం లేదు, వేరేకాడ కొంటవు. మాకు లేదా? ఆ కట్టలు అమ్మిన పైసలల్ల నీ కమీషన్ పట్టుకోకు."

పట్టుకోలేదు. లెక్కల్లో అదొక్కటి నేను కావాలనే వదిలేసింది.

కాగితం ఆ వారంలోనే జిన్నారంలో రాయించాం. రాసే ఆయన మూడేళ్ళని టైప్ చేస్తే కౌసల్యమ్మ అంకె మీద వేలు పెట్టి మళ్ళీ కొట్టించింది. అంజయ్య సంతకం పెట్టి పెన్ను ఆమెకు అందించాడు. బయటికొచ్చాక బాబాయ్ తన కాపీ మడిచి జేబులో పెట్టుకుని, రెండుసార్లు తడిమి చూసుకున్నారు. ఎవరి ధైర్యం వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళారు.

కంచె పాతడానికి ఒడిశా కూలీలను నేనే మాట్లాడాను. మొదటి రోజు ఎలా సాగుతోందో చూద్దామని పోతే, ఎర్ర చొక్కా ఆయన అవతలి గట్టు మీద బుల్లెట్ ఆపుకుని చూస్తున్నాడు. కౌసల్యమ్మ అతని వంక చూడనే లేదు. గుంతల మధ్య నిలబడి, ఇది ఒక ఏడాది పని కాదు, నాలుగేళ్ళ పని, ఇంకా లోతుగా తవ్వమని కూలీల మీద హిందీలో అరుస్తోంది.

"ఏ భయ్యా, ఔర్ గహరా ఖోదో! ఏక్ సాల్ కా నై, చార్ సాల్ కా కామ్ హై!"

గట్టు మీద గొడుగు పట్టుకున్న వీర్రాజు గారు ఉండబట్టలేక అన్నారు. "కడీలు నలభై ఏళ్ళు నిలబడతాయమ్మా!"

"గట్లనా?" కౌసల్యమ్మ కూలీ వైపు తిరిగింది. "అయితే ఇంకింత లోతు తవ్వు."